సవరణ: మాస్క్ ముందు కాదు, చివర్లో తీయాలి

నల్గొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, 108 సిబ్బంది కలిసి చేసిన నిపా వైరస్ మాక్ డ్రిల్ (కేసు వస్తే ఏం చేయాలో ముందుగా చేసే సాధన) గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. పీపీఈ కిట్ విప్పేటప్పుడు ముందుగా మాస్క్ తీయాలని రాశాను. అది తప్పే కాదు, ప్రమాదం కూడా.

రోగిని ముట్టుకున్న గ్లౌజులకే వైరస్ ఎక్కువ అంటుకుని ఉంటుంది కాబట్టి ముందు అవి తీయాలి. తర్వాత కళ్లద్దాలు, ఆ తర్వాత గౌను. ఎన్95 మాస్క్ మాత్రం గది బయటికి వచ్చి తలుపు వేశాకే, ముందు భాగం ముట్టకుండా వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. మధ్యలో చేతికి ఏమైనా తగిలిందనిపిస్తే అక్కడే ఆగి శుభ్రం చేసుకోవాలి, చివర్లో ఎలాగూ కడుక్కోవాలి. కిట్ విప్పేటప్పుడే వైరస్ అంటుకునే ప్రమాదం ఎక్కువ. అందుకే డ్రిల్‌లో ఒకరు విప్పుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి వరుస చదివి చెప్పారు. నా నోట్సులో ఆ వరుసే తారుమారైంది, క్షమించండి.

ఇంకొకటి. ఆ పోస్టులోని స్ట్రెచర్ ఫోటో చూసి నిజంగా నిపా కేసు వచ్చిందా అని మిర్యాలగూడ నుంచి ఇద్దరు టెన్షన్‌తో ఫోన్ చేశారు. రాలేదు. పడుకున్నది రోగిలా నటించిన స్టాఫ్ నర్సు. పాత పోస్టును వాట్సాప్‌లో పంపినవాళ్లు దయచేసి ఇది కూడా అవే గ్రూపుల్లో పెట్టండి.