నా హక్కు ముప్ఫై ఎనిమిది పేజీలు

మా పై ఫ్లాటాయన నవల రాశారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. రిటైరయ్యాక మనిషికి బీపీయో, షుగరో, నవలో ఏదో ఒకటి వస్తుంది. ఆయనకు మూడూ వచ్చాయి. మొదటి రెంటికీ మందులు ఆయనే వేసుకుంటున్నారు. మూడోదానికి మాత్రం మా అందరికీ వేస్తున్నారు.

డెమ్మీ సైజు, 412 పేజీలు, వెల 350 రూపాయలు. నాకు ఉచితం. ఉచితమంటే ఏమిటో తెలుగు పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. కొన్న పుస్తకం బాగోకపోతే 350 రూపాయలు పోతాయి, అక్కడితో సరి. ఊరికే వచ్చినదానికి రోజూ వాయిదా కట్టాలి. పార్కు గేటు దగ్గర ఒకటి, పాల ప్యాకెట్ల దగ్గర ఒకటి, లిఫ్టులో ఒకటి. "ఎంతవరకు వచ్చారు మాస్టారూ?" లిఫ్టు మూడో అంతస్తుకు రావడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో నేను చెప్పిన అబద్ధాలు నా ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చెప్పలేదు. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను. మోకాళ్ల డాక్టరు కారణం అడిగితే "సాహిత్యం" అన్నాను. ఆయన స్కానింగ్ రాశాడు.

బాగోలేని పుస్తకాన్ని సగంలో వదిలెయ్యొచ్చా లేదా అన్నది ధర్మసందేహం కాబట్టి నేను దాన్ని శాస్త్రోక్తంగానే పరిశీలించాను. అమెరికాలో, సియాటిల్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్ అనే ఆవిడ దీనికో లెక్క కట్టింది. ఏ పుస్తకానికైనా 50 పేజీలు గడువివ్వాలి. అప్పటికీ పట్టుకోకపోతే వదిలెయ్యాలి. యాభై ఏళ్లు దాటినవాళ్లయితే వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. ఎంత దయగల లెక్క! మన టైము తరిగేకొద్దీ మన బాధ్యతా తరుగుతుంది. నాకు 62. అంటే నా హక్కు 38 పేజీలు.

కళ్లజోడు తుడుచుకుని, ఈ అంతర్జాతీయ హక్కును వినియోగించుకోవడానికి బాల్కనీలో కూర్చున్నాను. మొదటి పేజీలో పుస్తకం పేరు. రెండో పేజీలో ప్రెస్సు పేరు, ఫోన్ నంబరు. మూడో పేజీలో తల్లిదండ్రులకు అంకితం. నాలుగో పేజీలో ఆ తల్లిదండ్రుల ఫొటో. ఐదు నుంచి పదమూడు దాకా ఒక విశ్రాంత ఆచార్యుల ముందుమాట. అది ఐరోపాలో నవల ఎలా పుట్టిందో దగ్గర మొదలై, ఆ ఆచార్యులవారి పీహెచ్‌డీ దగ్గర ముగుస్తుంది. ఆ తరవాత ఒక 'ఆశంస', ఒక 'అభినందన', ఒక 'స్పందన', ఒక 'ఆత్మీయవాక్యం'. ఈ నాలుగింటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు, ఫొటోలు వేరని తప్ప. చివర రచయిత 'నా మాట' పదకొండు పేజీలు. అందులో డీటీపీ చేసినమ్మాయికీ, వియ్యంకుడిగారికీ, బైపాస్ చేసిన డాక్టరుకీ కృతజ్ఞతలు. కథ 41వ పేజీలో మొదలవుతుంది.

నా హక్కు 38తో అయిపోయింది. గట్టు కనబడుతూనే ఉంది, మూడు పేజీల దూరంలో మునిగిపోయాను.

లెక్క ప్రకారం 59 ఏళ్లవాడికి ఒక్క పేజీ కథ దక్కుతుంది. అరవై దాటినవాడు ఏ నేరమూ చెయ్యకుండా ముందుమాటలు మాత్రమే చదివి చచ్చిపోతాడు. నూరేళ్లు నిండినవాళ్లకు అట్ట చూసి తీర్పు చెప్పే హక్కు ఉందని కూడా ఆవిడే అంది. మన సభాధ్యక్షులు అరవైకే ఆ హక్కు సంపాదించేశారని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు.

అన్నట్టు, ఆ ముందుమాటలన్నిట్లోనూ ఒక మాట ఉంది: 'ఏకబిగిన చదివించింది'. అందరినీ ఏకబిగినే చదివించింది. ఒక్కరికీ మధ్యలో టీ తాగాలనిపించలేదు, కరెంటు పోలేదు, అల్లుడు రాలేదు. తెలుగులో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఎవరో ఒక పెద్దమనిషిని ఏకబిగిన చదివిస్తుంది. వాళ్లకు నిద్ర ఎప్పుడో నాకు తెలియదు.

సరే, వదిలెయ్యొచ్చు కదా అంటారు. ఎలా వదలడం? పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. విస్తట్లో మెతుకు వదిలితే అమ్మ తిట్టేది, పేజీ వదిలితే సరస్వతి ఊరుకుంటుందా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందని మనకు తెలుసు. తెలిసి కూడా, ఉడకలేదని రూఢి అయ్యాక, కుండంతా తినేసి "బాగుందండీ, కొంచెం పలుకుగా" అని చెయ్యి కడుక్కుంటాం. దీన్నే మొహమాటం అంటారు. మన సాహిత్య విమర్శకు వేరే పేరేం లేదు.

ఒకరోజు ధైర్యం చేసి, "వయసైపోయిందండీ, పెద్ద పుస్తకాలు పట్టుకోలేకపోతున్నా" అన్నాను. ఆయన నవ్వి, "ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడుంటాడన్నారు రంగనాథన్‌గారు" అంటూ నా భుజమ్మీద చెయ్యి వేశారు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన మాట నిజమే. అందులో మూడోది ఇదేనన్నదీ నిజమే. నాలుగోది 'పాఠకుడి కాలం ఆదా చెయ్యాలి' అని. మా పై ఫ్లాటాయన మూడో సూత్రం దాకా చదివి ఆపేశారు. సగంలో వదిలేసే హక్కు ఆయనకుంది, చూశారా.

ఇంతలో 'పరిచయ సభ' అన్నారు. పార్కులో నడిచే ఆరుగురమూ మాట్లాడాలి. పోస్టర్ కూడా వేశారు, ఫొటోలతో. మర్నాడు గానుగచెట్టు కింద బెంచీ మీద అత్యవసర సమావేశం జరిగింది. బ్యాంకు మేనేజరుగా చేసినాయన అధ్యక్షుడు. ఆయన సెల్‌ఫోన్లో లెక్క వేశారు. కథ 41 నుంచి 412 దాకా, 372 పేజీలు. ఆరుగురం. తలా 62. ఎవరి వంతు వాళ్లు చదివి, మూడు రోజుల్లో తిరిగొచ్చి కథ చెప్పాలి. ఎవరూ ఇతరుల వంతు ముట్టుకోకూడదు. ఇంత పకడ్బందీగా మేం అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు కూడా కడిగించలేదు. నాకు మూడో వంతు వచ్చింది, 165 నుంచి 226.

మూడో రోజు పొద్దున్నే చేరాం. మొదటి వంతు హోమియో డాక్టరుగారిది. కథానాయకుడికి 58వ పేజీలో జ్వరమొచ్చిందనీ, అతనికిచ్చిన మందు తప్పనీ, అక్కణ్ణుంచి ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదనీ చెప్పారు. రెండో వంతు మేనేజరుగారిది. ఒక రైతుకు బ్యాంకు అప్పిచ్చిన పద్ధతి మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. హామీదారు లేకుండా ఎలా ఇస్తాడండీ, ఆడిట్ ఒప్పుకుంటుందా అని. రైతు ఏమయ్యాడని అడిగితే "వాడి సంగతి నాకెందుకు" అన్నారు. మూడో వంతు నన్ను దాటించి, విద్యుత్ శాఖ ఇంజనీరుగారు లేచారు. "నాది 227. తెరిస్తే ఒక పసిపిల్లాడు బోర్లాపడుతున్నాడు. ఎవడండీ వాడు? ఎవరి కొడుకు?" చివరి రెండు వంతులవాళ్లు బావాబామ్మర్దులు. ఆ పిల్లాడు కథానాయిక కొడుకని బావగారు, కాదు తమ్ముడని బామ్మర్ది. అక్కణ్ణుంచి వాళ్ల సొంత పొలం గొడవలోకి వెళ్లిపోయారు. అప్పుడు అందరూ నావైపు తిరిగారు. "మీ వంతులో పెళ్లేమైనా జరిగిందా మాస్టారూ?"

నిజం చెప్తాను. నేను చదివింది 165, 166 పేజీలు, చివర్న 225, 226. మధ్యలో ఒకచోట వేలు పెట్టి తెరిస్తే 201లో కథానాయిక తండ్రి పోతున్నాడు. చావు దగ్గర మర్యాదగా రెండు నిమిషాలు ఆగాను. 225లో పిల్లాడికి బారసాల. చావుకీ బారసాలకీ మధ్య ఏం జరిగుంటుంది? "జరిగింది. ఘనంగా జరిగింది" అన్నాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సభ బాగా జరిగింది. ఆ పెళ్లి ఘట్టం గురించి నేను పన్నెండు నిమిషాలు మాట్లాడాను. తండ్రి లేని పెళ్లి కదా, కన్యాదానం వేళ ఖాళీగా ఉన్న పీట గురించి చెబుతుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో నవలాకారుడు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆ పుస్తకాన్ని టీవీ కింద అరలో పెట్టాను. నాలుగు నెలలు అక్కడే ఉంది.

తరవాత వేసవిలో మనవరాలొచ్చింది. డాలస్‌లో పుట్టింది, పన్నెండేళ్లు. ఆదివారం ఆదివారం అక్కడి తెలుగు క్లాసుకెళ్లి, వత్తులూ గుణింతాలూ నేర్చుకుంది. ఈ సెలవుల్లో ఒక పెద్ద తెలుగు పుస్తకం మొత్తం చదువుతానని వాళ్లమ్మతో పందెం వేసిందట. అన్నిట్లోకీ లావుగా కనబడిందని ఆ నవల తీసింది. నేను చూశాను. చూసి, వద్దనలేదు. అది రాసుకోండి.

రోజూ మధ్యాహ్నం ఫ్యాన్ కింద బోర్లా పడుకుని, అక్షరం కింద వేలు పెట్టి, పైకి కూడబలుక్కుంటూ చదివేది. రోజుకు పదీ పదిహేను పేజీలు. 'దుర్నిరీక్ష్యము' అన్న మాట దగ్గర అరగంట ఆగిపోయింది. దానర్థం నన్నడిగితే నిఘంటువు తీశాను. ఆ మాట అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు, మండుటెండ అంటే సరిపోయేది. పదిహేనో రోజున వంటింట్లో ఉన్న నా దగ్గరికి పుస్తకం పట్టుకొచ్చింది. "తాతయ్యా, ఈయన మొన్న చచ్చిపోయాడు కదా? మళ్లీ చచ్చిపోతున్నాడేంటి?"

చూశాను. 193 నుంచి 208 దాకా ఒక ఫారం, పదహారు పేజీలు. దాని వెనక మళ్లీ 193 నుంచి 208. బైండింగులో అదే ఫారం రెండుసార్లు పడింది. 209 నుంచి 224 లేనే లేవు. తండ్రి 201లో పోయి, దినవారాలు చేయించుకుని, మళ్లీ 201లో పోతున్నాడు. వెంటనే బారసాల.

నాలుగు నెలలుగా ఎవరూ చూడలేదు. సభలో ఆరుగురం మాట్లాడాం, పత్రికలో సమీక్ష వచ్చింది, పుస్తకం ఎవరో ఏదో పురస్కారానికి పంపారు. మనిషి రెండుసార్లు చచ్చిపోతే ఒక్కరికీ తెలియలేదు.

"తెలుగు బుక్స్ ఇలాగే ఉంటాయా తాతయ్యా?" అంది.

ఇక్కడ నేను జోకెయ్యలేను. ఆ పిల్ల భాషను నమ్మి వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఆదివారాలు ఖర్చుపెట్టి నేర్చుకున్న అక్షరాలతో వచ్చింది. దాని చేతికి మనమిచ్చింది ఏమిటి? ఎడిటర్ అనేవాడు ముట్టుకోని పుస్తకం. రాసినాయన డబ్బు కడితే వేశారు, కాబట్టి అచ్చువేసినవాడికి ఎవరైనా చదవాలన్న పట్టింపు లేదు. ముందుమాట రాసినవాడు చదవలేదు, పొగిడినవాడు చదవలేదు, శాలువా కప్పించుకున్నవాణ్ణి నేనూ చదవలేదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకని మన దగ్గర వసూలు చేస్తారు. ఏ బ్రాంచి లైబ్రరీకైనా వెళ్లి చూడండి, కొత్తవి కొనడానికి నిధులుండవు, ఇలా 'రచయిత బహూకరణ' ముద్రతో వచ్చినవి మాత్రం వరసగా ఉంటాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడండి, సంతకం చేసిన మొదటి పేజీ చింపేసిన కొత్త పుస్తకాలు కుప్పలు. పేజీ చింపేసేపాటి సిగ్గు మనకుంటుంది కానీ, "ఇది బాగోలేదండీ, ఇంకోసారి తిరగరాయండి" అని మొహమ్మీద చెప్పడానికి నోరుండదు. ఆ ఒక్క మాట మాలో ఒక్కడు రాతప్రతి మీదే అనుంటే, ఆ మనిషి ఒక మంచి నూటయాభై పేజీలు రాసుండేవాడేమో. దొంగ పొగడ్తతో ఆయన్నీ ముంచాం, పిల్ల పదిహేను రోజులూ ముంచాం. పాఠకులు తగ్గిపోతున్నారని మళ్లీ మేమే సభలు పెడతాం!

"అన్నీ ఇలా ఉండవమ్మా" అన్నాను. ఇంకోటి ఇద్దామని అరలన్నీ వెతుకుతుంటే, నేను నిజంగా చివరిదాకా చదివినవి ఏవో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈలోపు ఇంటర్‌కమ్ మోగింది. ఆ పిల్లే తీసింది. "తాతగారూ, మీ బుక్‌లో సిక్స్‌టీన్ పేజీలు లేవు. ఆయన రెండుసార్లు చచ్చిపోయారు."

అవతల చాలాసేపు మాట లేదు. తరవాత వినిపించింది, నాక్కూడా: "అక్కడిదాకా చదివావా తల్లీ?"

ఐదు నిమిషాల్లో తలుపు దగ్గరున్నారు, చంకలో అట్టపెట్టె. పుస్తకాలు ఒక్కోటీ తీసి సోఫా మీద పరిచారు. అన్నీ అంతే, తండ్రి రెండుసార్లు పోయినవే. ప్రెస్సువాడికి ఫోన్ చేసి అడిగారు. ఐదొందలూ ఒకే బైండింగట. పెట్టె అడుగు నుంచి దారంతో కుట్టిన రాతప్రతి తీసి, పేజీలు తిప్పి, పిల్ల చేతిలో పెట్టారు. "ఇదిగోనమ్మా, ఇక్కణ్ణుంచి. పెళ్లి ఘట్టం. మీ తాతయ్యకు చాలా ఇష్టం, సభలో..."

ఆగిపోయారు. సోఫా మీది పుస్తకాలవంక చూశారు, రాతప్రతివంక చూశారు, తరవాత నావంక చూశారు.

"ఇంతకీ ఆ పెళ్లి మీరెక్కడ చదివారు మాస్టారూ?"