మేకుకు వేలాడుతున్న సీసం ఏప్రన్ గారికి

ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు తగలకుండా పేషెంటు ఒంటికి కప్పే మహారాజశ్రీ సీసం ఏప్రన్ గారికి, దిల్‌సుఖ్‌నగర్ వాస్తవ్యుడు, పంటి నొప్పితో సతమతమవుతూ నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఇటు నా కింది దవడ కుశలంగా లేదు. మీ వాలకం చూస్తే అటు మీరూ అంతే.

మిమ్మల్ని వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించాలట. మా వీధి క్లినిక్‌లో మీరుండేది ఎక్స్‌రే గది తలుపు వెనక, మేకు మీద. మెరూన్ రెగ్జిన్ ఒళ్లు, జుట్టూ దూదీ అతుక్కుని పట్టు వదిలేసిన వెల్‌క్రో, నడుము దగ్గర అడ్డంగా ఒక తెల్ల చార. ఎవరో మిమ్మల్ని మడిచి స్టూలు మీద పడేసి, పైన కూర్చుని టిఫిన్ కూడా చేసి ఉంటారు. మడత పడ్డ చోట లోపలి సీసపు పొర పగులుతుంది, అందుకే మిమ్మల్ని మడవకూడదు. పగుళ్లున్నాయేమో అని అప్పుడప్పుడు మీకే ఎక్స్‌రే తీసి చూడాలి కూడా. వచ్చినవాళ్లందరికీ ఎక్స్‌రే తీసే గదిలో మీ ఒక్కరికే తీసిన దాఖలా కనబడలేదు.

అయినా మీ మర్యాదకు లోటేం లేదు. మా అత్తగారిది కరీంనగర్. పన్ను నొప్పని తీసుకెళితే కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. "ఫోటో ఎందుకు డాక్టరమ్మా, పన్ను కండ్లకు కనవడ్తనే ఉంది గద. ఆ కరెంటు లోపల్నే ఉండిపోతదంట" అన్నారు. డాక్టరమ్మ వివరించింది, నేను బతిమాలాను, పని జరగలేదు. అసిస్టెంటు అమ్మాయి మిమ్మల్ని తెచ్చి భుజాల మీద కప్పగానే ఆవిడ గుడిలో శాలువా కప్పించుకున్నంత నిబ్బరంగా నోరు తెరిచారు. మీలో ఉన్న సీసం సుమారు పావు మిల్లీమీటరు మందం. మీ మీద ఉన్న నమ్మకం మందం ఎంతో కొలిచే పరికరం ఇంకా రాలేదు.

అసలు లోపల ఉండిపోవడానికి అక్కడేముంది? ట్యూబ్‌లో టంగ్‌స్టన్ ముక్క మీద ఎలక్ట్రాన్లు వేగంగా గుద్దుకుంటాయి. ఆ శక్తిలో 99 శాతం వేడిగా పోతుంది, మిగిలిన పిసరంత ఎక్స్‌రేలుగా బయటికొస్తుంది. బటన్ వదిలితే అదీ ఆగిపోతుంది, పంట్లో గానీ గదిలో గానీ ఏమీ మిగలదు. ఇక మోతాదంటారా, ఇప్పటి డిజిటల్ సెన్సర్‌తో, అంటే క్లినిక్‌లో ఆర్వీజీ అంటారే దానితో, ఒక్క పంటి బొమ్మకు సుమారు 5 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే కిరణాల మోతాదును కొలిచే లెక్క ఇది). మొత్తం దవడలు ఒకేసారి చూపించే ఓపీజీకి 10 నుంచి 25 దాకా. దవడను త్రీడీలో చూపించే స్కాన్ సీబీసీటీ లెక్క వేరు, యంత్రాన్ని బట్టీ ఎంత మేర తీస్తున్నారన్న దాన్ని బట్టీ కొన్ని పదుల నుంచి వందల దాకా పోతుంది. దాన్ని సరదాకి రాయకూడదు.

ఏ ఎక్స్‌రే గదిలోకీ అడుగుపెట్టని మనిషికి కూడా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు, అంటే 2,400 మైక్రోసీవర్ట్‌లు అందుతాయి. రోజుకు ఆరున్నర మైక్రోసీవర్ట్‌లన్న మాట. పైగా మనది హైదరాబాద్. గోల్కొండ కోట నిలబడిందీ, జూబ్లీహిల్స్‌లో పునాదికి తవ్వితే తగిలేదీ గ్రానైటే. అందులో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగా ఉంటాయి కాబట్టి నేల నుంచి వచ్చే వాటా మనకు కాస్త ఎక్కువే పడుతుంది. ఈ ఊళ్లో ఒక రోజు బతికినందుకు పడే మోతాదుకు పంటి బొమ్మ సాటి రాదు. ఇంటి ముందు బండరాయి మీద రోజూ సాయంత్రం కూర్చునే వాళ్లెవరూ మిమ్మల్ని కప్పుకోరు.

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. మనవడి కోసం అత్తగారు వెళ్లి వస్తుంటారు. అంత ఎత్తున విమానంలో కాస్మిక్ కిరణాల వల్ల గంటకు 3 నుంచి 5 మైక్రోసీవర్ట్‌లు పడతాయి. పోనూ రానూ లెక్కేస్తే ఇరవై పంటి ఎక్స్‌రేలకు తక్కువ కాదు. ఆ సంగతి చెబితే ప్రయాణం మానుకుంటారేమో అని భయపడి (బావమరిది ఊరుకోడు) నేను చెప్పలేదు.

మీ పుట్టుక వెనక పెద్ద కథే ఉంది, దాన్ని మాత్రం ఎగతాళి చేయను. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. 1896 జనవరిలోనే జర్మనీలో ఒట్టో వాల్‌కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే బొమ్మ తీయించుకున్నాడు. అందుకు కదలకుండా 25 నిమిషాలు పడుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ ఏళ్ల తరబడి తన చెయ్యే కిరణాలకు అడ్డం పెట్టి ట్యూబ్‌ను సరిచూసుకునేవాడు. క్యాన్సర్ వచ్చి వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యీ పోయింది, 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఎక్స్‌రేలు ఎలకల్లాంటి గినీ పందులను చంపుతున్నాయని బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్ 1901లోనే చూపించాడు. సీసాన్ని మొదట ట్యూబ్ చుట్టూ కట్టండి, కిరణాలను అవసరమైనంత మేరకే వదలండి అన్నాడాయన. మీ వంశానికి మూలపురుషుడనుకోండి. ఆయన మొదట చూసింది పేషెంటు ఒంటి వైపు కన్నా యంత్రం మూతి వైపే. మనం మాత్రం యంత్రం మూతి మర్చిపోయి మిమ్మల్ని పట్టుకు వేలాడుతున్నాం.

ఇక అసలు విషయానికొస్తాను, కాస్త గుండె దిటవు చేసుకోండి. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నిపుణులు మీరూ, మెడకు చుట్టే మీ తమ్ముడు థైరాయిడ్ కాలరూ పంటి ఎక్స్‌రేలకు ఇక అక్కర్లేదని తేల్చేశారు. గర్భిణులకు కూడా. మిమ్మల్ని పెట్టుకున్నది ప్రధానంగా బీజకోశాల (వృషణాలు, అండాశయాలు) మీద కిరణాలు పడి పుట్టబోయే పిల్లలకు ఏమైనా అవుతుందేమోనన్న భయంతో. హిరోషిమా, నాగసాకి బాధితులకు తర్వాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా పరిశీలించినా ఆ భయానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2007లో కిరణాల ముప్పు లెక్కలో బీజకోశాలకిచ్చే తూకాన్ని 0.20 నుంచి 0.08కి దించింది. దవడ మీద పెట్టిన బీమ్ పొట్ట దాకా రాదు. వచ్చే కాసింతా తల లోపలే చెదిరి, మెడ గుండా ఒంట్లోంచే దిగుతుంది. బయట కప్పుకున్న మీరు దాన్ని ఎలా ఆపుతారు?

పైగా మీరు అడ్డం కూడా. ఓపీజీ యంత్రం తల వెనక నుంచి తిరుగుతుంది. మెడ దగ్గర మీరు కాస్త పైకి జరిగినా, కాలర్ ఉన్నా, బొమ్మలో సరిగ్గా చూడాల్సిన చోటే తెల్లటి ముద్ద పడుతుంది. అప్పుడేం చేస్తారు? మళ్లీ తీస్తారు. కాపాడటానికి వచ్చిన వారి పుణ్యాన మోతాదు రెండింతలు.

మిమ్మల్ని చూసి ధైర్యం తెచ్చుకున్న పేషెంటు అడగాల్సినవేవీ అడగడు, నా బాధంతా అదే. నోట్లో పెట్టే సెన్సర్ సుమారు మూడు సెంటీమీటర్లకు నాలుగు, దీర్ఘచతురస్రం. దాని మీదికి గురిపెట్టే గొట్టం చాలా చోట్ల ఏడు సెంటీమీటర్ల గుండ్రం. లెక్క వేస్తే బొమ్మకు కావలసిన దానికన్నా మూడింతల మేర చెంప మీద కిరణాలు పడుతున్నాయి. గొట్టం మూతికి కిరణాలను కావలసిన మేరకే వదిలే దీర్ఘచతురస్రాకారపు కాలిమేటర్ బిగిస్తే మోతాదు సగానికి పైగా తగ్గుతుంది. ఆ చిన్న ముక్క ఉన్న క్లినిక్‌ను నేనింకా చూడలేదు. సెన్సర్‌ను కదలకుండా పట్టే హోల్డర్ ఉండగా పేషెంటు వేలితోనే సెన్సర్ నొక్కి పట్టిస్తారు, వేలు జారుతుంది, బొమ్మ సగం తెల్లగా వస్తుంది. దాన్ని వాళ్లు కోన్ కట్ అంటారు, మనం ఇంకోసారి అంటాం.

బటన్ నొక్కే ముందు డాక్టరమ్మ ఆరడుగులు వెనక్కి వెళితే మాత్రం "ప్రమాదం లేకపోతే ఆవిడెందుకు పారిపోయింది?" అని గుసగుసలు. నేను తీయించుకునేది నా పన్ను కోసం, ఒక్కటి. ఆవిడ అక్కడే నిలబడితే పొద్దున్నుంచి రాత్రి దాకా అందరి వాటా ఆవిడకే. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతవుతుంది, అడుగులు వేస్తే చాలు, సీసం అక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది అమీర్‌పేట వైపు కనిపించే ఫ్లెక్సీలు. "చెకప్ ఫ్రీ, ఓపీజీ ఫ్రీ" అట. నోట్లోకి చూడకముందే ఎక్స్‌రే ఆఫర్! ఈ రంగంలో మొదటి నియమం, ఆ బొమ్మతో వైద్యంలో ఏదైనా తేలుతుందంటేనే తీయాలి. పళ్ల మధ్య దాగిన పుచ్చు, వేరు చివర చీము, ఎముకలో అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం, వీటికి బొమ్మ కావాల్సిందే, భయపడి మానుకుంటే పన్నే పోతుంది. పక్క క్లినిక్‌లో పోయిన నెలే తీసిన ఓపీజీ ఫోన్‌లో ఉన్నా "మా మెషిన్‌లోనే తీయాలి" అనేవాళ్లుంటారు చూడండి, ఆ రెండో బొమ్మలో తేలేదల్లా బిల్లు. ఆ గోడ మీద అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి పత్రం ఉందో లేదో చూసినవారు ఎందరు? మనవాళ్లకు అణు అంటే అణుశక్తి శాఖ కింది కంపెనీ ఈసీఐఎల్ పేరున్న చౌరస్తాలో దిగాల్సిన బస్సే గుర్తొస్తుంది.

మీకు పని పూర్తిగా పోలేదు లెండి. ఏడుస్తున్న పిల్లాడి తల పట్టుకుని పక్కనే నిలబడే నాన్నకు మీరు కావాలి. మన దగ్గర నియమాలు మారేదాకా మేకు మీదే ఉంటారు కూడా, ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని మడవకుండా చూడమని అసిస్టెంటు అమ్మాయికి చెప్పాను.

రిటైరయ్యాక ఒక్క జాగ్రత్త. స్వచ్ఛ ఆటోలో తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ మీకు చోటు లేదు, సీసం ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లు వచ్చి తీసుకెళ్లాలి. "పాత సామాన్లు కొంటాం" అని మైకులో అరుచుకుంటూ వచ్చే బండివాడు మీ బరువు చూసి ఎంత మంచి రేటు చెప్పినా ఎక్కకండి.

ఇట్లు,
మీ బరువు మోసి, రెండోసారి ఓపీజీ తీయించుకున్న
దిల్‌సుఖ్‌నగర్ పేషెంటు