కళాసీ జాడ చెప్పిన పుట్టింటి పేరు

మా పక్కింటి పెద్దావిడ కెనడాలోని కేప్ బ్రెటన్‌ను ఆనుకుని ఉన్న ఐల్ మడామ్ అనే చిన్న దీవిలో పుట్టారు. వయసు ఎనభై దాటింది. మేం హాలిఫాక్స్‌లో ఇల్లు కొన్న తొలి చలికాలం నుంచీ చూస్తున్నాను, ఆవిడ భోజనాల బల్ల మీద ఎప్పుడూ పాత రిజిస్టర్ల ప్రింట్లే. తన తండ్రి వైపు పూర్వీకుల్లో ఓడల్లో పనిచేసే ఒక కళాసీ ఉన్నాడని, అతన్ని పదహారేళ్ల వయసులో ఇంగ్లీషు వాళ్లు ఓడెక్కించి దేశం దాటించారని ఇంట్లో చెప్పుకునేవారట. మూడేళ్లుగా ఆవిడ పక్కన కూర్చుని ఆ కాగితాలు స్కాన్ చేస్తూ, తేదీలు సరిచూస్తూ నేనూ అందులో పడిపోయాను. చివరికి ఆ కళాసీని మాకు పట్టించింది అతని తల్లి పుట్టింటి పేరు. మన సంఘం పత్రికలో ఇది రాయాలనిపించడానికి కారణం అదే.

పెద్దావిడ పూర్వీకులు అకేడియన్లు. అంటే ఇప్పటి నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ ప్రాంతాల్లో 1600ల నుంచి స్థిరపడిన ఫ్రెంచి వాళ్లు. సముద్రపు పోటు వచ్చే బీళ్లకు గట్లు కట్టి పొలాలు చేసుకున్నారు. 1713లో ఉట్రెక్ట్ ఒప్పందంతో నోవా స్కోషియా బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది. అవసరమైతే ఫ్రాన్సు మీద కూడా ఆయుధం పట్టాల్సి వచ్చే ప్రమాణం చేయమంటే వీళ్లు ఒప్పుకోలేదు. 1755 సెప్టెంబర్ 5న గ్రాన్ ప్రే చర్చిలోకి మగవాళ్లందరినీ పిలిచి, మీ భూములూ పశువులూ రాజుగారి పరమయ్యాయి, మీరు ఓడలెక్కాలి అని విన్‌స్లో అనే సైనికాధికారి ఉత్తర్వు చదివాడు. 1763 దాకా పది వేల మందికి పైగా ఇలా ఊళ్లు వదిలి ఓడలెక్కాల్సి వచ్చింది. 1758 డిసెంబర్‌లో డ్యూక్ విలియం, వయొలెట్ అనే రెండు ఓడలు వందల మందితో సహా అట్లాంటిక్‌లో మునిగిపోయాయి.

మా కళాసీ ఎక్కిన ఓడ మునగలేదు. ఫ్రాన్సులోని సాన్ మాలో రేవుకు చేరింది. అక్కడ దిగిన కుర్రాళ్లలో చాలామందిలాగే అతనూ శత్రువుల ఓడలను పట్టుకునే కొర్సేర్ ఓడలో చేరాడు, ఇంగ్లీషు వాళ్లకు దొరికిపోయాడు, ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం ముగిసేదాకా ఇంగ్లండు జైల్లో ఉన్నాడు.

ఇంత బీదవాడి గురించి ఇంత తెలియడం నాకు మొదట నమ్మశక్యం కాలేదు. కానీ ఫ్రాన్సు రాజ్యానికి కళాసీలు కావాలి. కోల్బేర్ అనే మంత్రి కాలం నుంచే తీరం వెంబడి ఉన్న ప్రతి కళాసీ పేరూ చిట్టాకెక్కించి, వంతుల వారీగా నౌకాదళంలోకి లాగేవారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఎత్తు, జుట్టు రంగు, ఎక్కిన ఓడలు, అన్నీ ఉంటాయి. పైగా, దేశం పోగొట్టుకుని వచ్చిన అకేడియన్లకు మనిషికి రోజుకు 6 సోల్ (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) చొప్పున రాజు ఇచ్చే సాయానికి వేరే జాబితాలు. మనిషిని వాడుకోవడానికీ, లెక్క చెప్పడానికీ రాసినవే అయినా, ఆ మనిషి మిగిలింది వాటిలోనే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అకేడియన్లలో ఇంటిపేర్లు కొన్నే. మగపిల్లలకు పెట్టే పేర్లు అంతకంటే తక్కువ: జోసెఫ్, పియర్, జాన్. సాన్ మాలో పక్కనే ఉన్న సాన్ సెర్వాన్‌లో మాకు ఒకే పేరుతో ఇద్దరు కళాసీలు తగిలారు. ఇద్దరి తండ్రులూ పియర్‌లే. వయసులో రెండేళ్లు తేడా. ఎనిమిది నెలలు మేం తప్పు మనిషి వెనక తిరిగాం.

ఫ్రెంచి చర్చి రిజిస్టర్లలో ఆడమనిషి పుట్టింటి పేరుతోనే ఉంటుంది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, చివరికి సమాధి చేసిన రోజున కూడా అదే పేరు. పెళ్లి నమోదులో వధూవరుల తల్లుల పుట్టింటి పేర్లూ రాస్తారు. అలా చూస్తే ఇద్దరిలో ఒకడి తల్లి బూద్రో వారి ఆడపడుచు, రెండోవాడి తల్లి ఎబేర్ వారి ఆడపడుచు. మనవాడెవడో తేల్చింది అరవై ఏళ్ల తర్వాత ఐల్ మడామ్‌లో జరిగిన అతని మనవడి పెళ్లి. దగ్గర బంధువుల మధ్య పెళ్లికి చర్చి ప్రత్యేక అనుమతి కావాలి. (మేనరికాలు చేసుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.) రిజిస్టరులో మూడో తరం బంధుత్వం అని ఉంది. అంటే వధూవరులకు ముత్తవ్వ ఒక్కరే అయ్యుండాలి. పెళ్లికూతురి ముత్తవ్వ ఎబేర్ వారి ఆడపడుచు. అంటే మన కళాసీ తల్లి కూడా ఆవిడే. ఆ సాయంత్రం పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకొకటి చెప్పాలి. 1765లో 78 అకేడియన్ కుటుంబాలను ఫ్రాన్సు తీరంలోని బెల్ ఈల్ అనే దీవిలో కాపురం పెట్టించారు. వాళ్ల చర్చి పుస్తకాలు చాలావరకు చెల్లాచెదురయ్యాయి కాబట్టి 1767లో ఒక్కో కుటుంబం పెద్దనూ కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, వంశం చెప్పించారు. నా తల్లి ఫలానా వారి కూతురు, ఆవిడ తల్లి ఫలానా, నా అన్న బోస్టన్ వైపు పోయాడు, ఫలానావాడు సముద్రంలో పోయాడు అని వాళ్లు చెబుతుంటే ఫాదర్లు రాసుకున్నారు. చేతిలో ఒక్క కాగితం లేకుండా ఫ్రాన్సు నుంచి వచ్చిన మొదటి మనిషి దాకా చెప్పినవాళ్లున్నారు. చదవడం రాయడం రాని వాళ్లు కూడా.

మనం ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తే ఎంతవరకు చెప్పగలం? పెళ్లిలో ప్రవర చదివితే ముత్తాత, తాత, తండ్రి. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు వస్తారు గానీ పుట్టింటి ఇంటిపేరు రాదు. మన పత్రికలో వేసే వంశవృక్షాల్లో ఆడపిల్ల పెళ్లితో కొమ్మ తెగిపోతుంది. ఈ దేశంలో మన పిల్లలు తల్లి పుట్టింటి పేరు రాసేది బహుశా బ్యాంకు సెక్యూరిటీ ప్రశ్నకు జవాబుగా మాత్రమే. అమ్మమ్మ పుట్టింటి పేరు ఆ బ్యాంకు కూడా అడగదు.

అందుకని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. వచ్చే ఏడాది సభ్యుల డైరెక్టరీ ఫారంలో రెండు గడులు చేర్చండి: అమ్మ పుట్టింటి పేరు, ఊరు. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్లు. ఇది కులం ఆరా తీయడానికి దారి అవుతుందని కొందరు మిత్రులు అన్నారు. ఆ భయం నిజమైనదే. కాబట్టి ఆ గడులు అచ్చులో వేయవద్దు, ఏ కుటుంబం పేజీ ఆ కుటుంబానికే ఇవ్వండి.

పోయిన ఆదివారం తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. అమ్మమ్మ వాళ్లమ్మది ఏ ఇల్లు అని అడిగాను. ఇన్నాళ్లకు ఎవరూ అడగలేదురా అంది. కాసేపు ఆలోచించి, "ఇంటిపేరు నోట్లోనే ఉంది, రావట్లేదు. ఊరు మాత్రం పొన్నూరు అవతల. రేపు చెయ్యి, మీ పిన్నిని అడిగి ఉంచుతా" అంది.