చిన్న కోతే గానీ, చిన్న ఆపరేషన్ కాదు

"గుండెలో కణితికి ఇప్పుడు ఛాతీ కోయక్కర్లేదు. పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి, గుండె కొట్టుకుంటుండగానే లాగేస్తారు. వారంలో పనికి వెళ్లొచ్చు. గుండెకు క్యాన్సర్ రాదు కాబట్టి తొందరేమీ లేదు." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. మొదటి వాక్యంలో కొంత నిజం ఉండబట్టే మిగతావీ చెల్లుబాటైపోతున్నాయి.

కోత మాట నిజమే. కుడి వైపు పక్కటెముకల సందులో ఐదారు సెంటీమీటర్లు కోసి, కెమెరా సాయంతో చేస్తున్నారు, కొన్నిచోట్ల రోబోతో కూడా. రొమ్ము ఎముక జోలికి పోరు. అయితే తొడ రక్తనాళాలు బాగా పూడుకుపోయినవాళ్లకు, అదే ఆపరేషన్‌లో బైపాస్ కూడా అవసరమైనవాళ్లకు సాధారణంగా రొమ్ము ఎముకను కోసే పాత దారే మేలు.

"గుండె కొట్టుకుంటుండగానే లాగేస్తారు" అన్నది మాత్రం భయపెట్టే మాట. మామూలుగా తొడ దగ్గర నాళాల్లోకి గొట్టాలు వేసి గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే హార్ట్-లంగ్ మెషిన్‌కు కలుపుతారు, మందు ఎక్కించి గుండెను ఆపుతారు. గుండెలో పుట్టే కణితుల్లో పెద్దల్లో ఎక్కువగా కనిపించేది మిక్సోమా. నాలుగింట మూడు వంతులు ఎడమ పై గదిలోనే ఉంటాయి. చాలావాటిని ముట్టుకుంటే జెల్లీలా చిట్లుతాయి. ఒక్క తునక రక్తంలో కొట్టుకుపోయి మెదడుకు చేరితే పక్షవాతమే. ఇక లాగడమా! కణితి కాడ అంటుకున్న గుండె గోడను చుట్టూ కొంత కలిపి కోసి, కణితిని సంచిలో వేసి బయటికి తీస్తారు. గోడకు పడిన రంధ్రాన్ని అవసరమైతే గుండె పైపొర ముక్కతో మూసి కుట్టేస్తారు. 1954లో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ మొదటిసారి మిక్సోమాను విజయవంతంగా తీసిందీ హార్ట్-లంగ్ మెషిన్ మీదే. ఇప్పుడు లోపలికి వెళ్లే దారి మారింది, అంతే.

వారంలో పని? ఎముక అతుక్కోవడానికి పట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల ఆగుడు తప్పుతుంది, ఇంటికీ త్వరగా పంపుతారు. అయినా కోలుకోవడం వారాల మాటే. మిక్సోమా అరుదుగా మళ్లీ వస్తుంది కనుక ఆ తర్వాత కూడా ఎకో పరీక్షలు (గుండె స్కానింగ్) ఉంటాయి.

ఇక క్యాన్సర్. గుండెలోనే పుట్టే సార్కోమా అనే క్యాన్సర్లు అరుదు గానీ ఉన్నాయి. వేరే అవయవాల నుంచి గుండెకు పాకే క్యాన్సర్లు వాటికంటే చాలా ఎక్కువ. మిక్సోమా క్యాన్సర్ కాదు, నిజమే. కానీ అది గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌కు అడ్డుపడితే మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోవచ్చు. అందుకే ఎకోలో మిక్సోమా తేలితే, ఒంట్లో ఇబ్బంది లేకపోయినా సర్జన్లు ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయరు.