మైనస్ ఒకటి మనిషి

మా నాన్నగారి ఆర్థిక నేరం ఈమధ్యే బయటపడింది. 34 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆ మనిషి ఇంతవరకు ఒక్క అప్పూ చేయలేదు. ఇన్నాళ్ళూ ఎంత గుట్టుగా నెట్టుకొచ్చారో చూడండి! మేడ మీద గది వేద్దామని బ్యాంకుకు వెళ్తే దొరికిపోయారు. అప్పులు తీర్చే తీరును బట్టి వేసే మార్కు, అదే సిబిల్ స్కోరు, 300 నుంచి 900 దాకా ఉంటుంది. అప్పు చరిత్రే లేనివాళ్ళకు మైనస్ ఒకటి చూపిస్తుంది. మాస్టారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "సున్నా కూడా కాదా?" అన్నారు.

అప్పు లేనివాడే అధిక సంపన్నుడన్న వేమన వెళ్ళినా ఇదే మార్కు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అప్పు అడిగేవారిని తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. నిజమే, నాన్నగారిని ఎవరూ తిప్పి పంపలేదు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సోమవారం రమ్మన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు.

మా బావమరిదిని చూసైనా నేర్చుకోవచ్చు. స్కోరు 782. గచ్చిబౌలిలో ఉద్యోగం పోయి నాలుగు నెలలు. కంపెనీవాళ్ళు ఐడీ కార్డు తీసేసుకున్నారు గానీ తాడు వదిలేశారు. రోజూ పొద్దున 9 గంటలకు ఆ తాడు మెడలో వేసుకుని, కార్డు ఉండాల్సిన కొసను చొక్కా జేబులో దోపుకుని, టిఫిన్ డబ్బాతో కారెక్కుతాడు. దుర్గం చెరువు దగ్గర ఓ చెట్టు కింద ఆపి, పెట్రోలు దండగని ఏసీ వేయకుండా సాయంత్రం దాకా కూర్చుంటాడు. కారు లోను 84 నెలలు. జీతం పోతే మళ్ళీ వస్తుంది, అపార్ట్‌మెంట్‌లో పరువు పోతే వస్తుందా?

వాళ్ళావిడ గాజులు ఫ్లాటు కొన్ననాటి నుంచీ తాకట్టులోనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష దాటినప్పుడు ఇంట్లో రసీదు చూసుకుని మురిసిపోయారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో విడిపిస్తారు, ఫొటోలు కాగానే మళ్ళీ పెట్టేస్తారు. గీటురాయి మీద గీసి, రాళ్ళ బరువు తీసేసి, కవరుకు సీలు వేస్తూ అక్కడి అబ్బాయి "పెళ్ళి బాగా జరిగిందా మేడమ్?" అంటాడట. చుట్టాలైనా అంత ఆప్యాయంగా అడగరు.

నాన్నగారిని బాగుచేసే బాధ్యత కూడా బావమరిదే తీసుకుని, వాయిదాల మీద ఫ్రిజ్ కొనిపించి స్కోరు తెప్పించడానికి షోరూముకు తీసుకెళ్ళాడు. నగదు ఇస్తానంటే సేల్స్ కుర్రాడు జాలిగా చూశాడు. "క్యాష్‌కి ఆఫర్ లేదు సర్. నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోండి." సున్నా వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజులో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే మందలించింది. తర్వాత సున్నాకు పేరు మారింది, అంతే. నాన్నగారు కరపత్రం వెనక లెక్కేశారు: ఫీజు 599, దాని మీద 18 శాతం జీఎస్టీ.

"ఖర్చు లేదన్నావు, మరి ఈ 706 రూపాయల 82 పైసలేంటి బాబూ?"

"అది ఖర్చు కాదు సర్, ఫీజు."

ఇలాంటి మొండివాళ్ళ వల్లే దేశం వెనకబడుతోంది. ఫ్రిజ్ లేకుండానే ఇంటికొచ్చారు.

నిన్న రాత్రి బావమరిది ఫోన్ చేసి గొంతు తగ్గించాడు. "బావా, మావయ్యగారి దగ్గర ఓ నలభై వేలు సర్దుబాటవుతాయా? ఎల్లుండి 5వ తారీఖు. ఈఎంఐ బౌన్సయితే స్కోరు పడిపోతుంది."

నాన్నగారు బీరువా తీసి చెక్కుబుక్కు తెచ్చారు. వడ్డీ మాట ఎత్తలేదు. సంతకం చేసి, కలానికి మూత పెడుతూ, "దీనికి నాకేమన్నా మార్కులు కలుపుతారేమో కనుక్కో" అన్నారు.