సీనిక్రూజర్‌ది డిజైన్ లోపం కాదు, ఇంజన్ లోపం
అమెరికా బస్సు కంపెనీ గ్రేహౌండ్ ఒకప్పుడు నడిపిన రెండు మట్టాల బస్సు సీనిక్రూజర్ చూడ్డానికే బాగుంది తప్ప బస్సుగా ఫెయిలైందని, దాని మీద వచ్చిన వ్యాసంలో రాశారు. దీనితో నేను ఏకీభవించలేను. ఇబ్బంది పెట్టింది డిజైనర్ రేమండ్ లోయీ గీసిన రూపం కాదు, వెనక పెట్టిన ఇంజన్లు. 1954-56 మధ్య జీఎం (జనరల్ మోటార్స్) 1001 బస్సులు తయారుచేసింది. ఒక్కోదాంట్లో రెండు చిన్న 4-71 (నాలుగు సిలిండర్ల) డీజిల్ ఇంజన్లు పక్కపక్కనే పెట్టి, వాటిని ఫ్లూయిడ్ కప్లింగ్‌తో, అంటే ద్రవం ద్వారా శక్తిని అందించే అమరికతో కలిపారు. ఆ కలిపిన చోటే అసలు తలనొప్పి. 1960ల మొదట్లో ఆ రెండు ఇంజన్లూ తీసేసి ఒకే 8వీ-71 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ వేశాక అవే బస్సులు 1970ల దాకా తిరిగాయి. డిజైనే తప్పయితే అన్నేళ్లు నడిపేవాళ్లా? అమెరికాలో ఉన్నప్పుడు ఒక పాత బస్సుల ప్రదర్శనలో దీన్ని ఎక్కి చూశాను. డ్రైవర్ వెనక కింది భాగంలో 10 సీట్లు, మెట్లెక్కితే పైన 33. పైన ముందు సీట్లో కూర్చున్నాను. డ్రైవర్ తల మీదుగా, పై అద్దంలోంచి ముందున్నదంతా కనిపించింది. నిలబెట్టిన బండిలోనే అంత హాయిగా ఉంటే, కొండ దారుల్లో వెళ్లినవాళ్లకి ఎలా ఉండేదో! పై అంతస్తు కింద సామాన్లకి బోలెడంత చోటు, టాయిలెట్, ఏసీ, కుదుపులు తగ్గించే ఎయిర్ సస్పెన్షన్, అన్నీ 40 అడుగుల్లోనే. ఆ గీతలు గీతలుగా ఉన్న అల్యూమినియం రేకు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాను. వ్యాసంలో ఇంజన్ మార్పిడి గురించి కనీసం ఒక్క పేరా అయినా ఉండాల్సింది.