వీసీపీయూ గారికి, పర్లాకిమిడి నుంచి

అద్దె సర్వర్లలో ప్రాసెసర్ పేరిట లెక్కపెట్టి ఇచ్చే మహారాజశ్రీ వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) గారి దివ్యసముఖమునకు, పర్లాకిమిడి కోచింగ్ మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమసమాచారం మొన్న ఆదివారం ఉదయం పదిన్నరకే నూటముప్పై ఇళ్లలో ఒకేసారి తెలిసిపోయింది.

నవోదయ మాక్ టెస్టు. 80 ప్రశ్నలు, రెండు గంటలు, ఒడియా పేపరొకటి, తెలుగు పేపరొకటి. ఇటు మా ఊరి పిల్లలు, అటు పాతపట్నం పిల్లలు, అందరి చేతుల్లో అమ్మానాన్నల ఫోన్లు. పదింటికి మొదలైంది. అరగంట బండి బాగానే నడిచింది. ఆ తర్వాత తెల్లటి తెర, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. 43వ ప్రశ్నకు జవాబు నొక్కితే మళ్లీ 43వ ప్రశ్నే వస్తోంది. పదకొండు కాకముందే మొదటి ఫోను: "ఏటి మాస్టారూ, మా బుడ్డోడు ఏడస్తన్నాడు. మా ఫోను పాడైపోనాదేటి?"

మీ ఫోను బాగానే ఉందమ్మా, నేను అద్దెకు తీసుకున్న సర్వరే మూలుగుతోంది అని ఎలా చెప్పను?

సర్వర్లో ప్రాసెసర్ సమయం ఎటు పోతోందో చూపించే టాప్ కమాండ్ కొట్టి చూశాను. వాడకం తొమ్మిది శాతం. అదే వరసలో ఎస్‌టీ అన్న చోట 88. ఎస్‌టీ అంటే స్టీల్ అని పైకే అన్నాను కాబోలు, మా ఆవిడ వెనకనుంచి "స్టీలా? గిన్నెలేమైనా వస్తాయా?" అంది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, ఏం చేస్తాం. ఈ స్టీలు దొంగతనం స్టీలు. నా మెషీన్ పనికి సిద్ధంగా నిలబడి ఉన్నా, కిందున్న హైపర్‌వైజర్, అంటే ఒకే పెద్ద మెషీన్‌ను అద్దెదార్లందరికీ పంచే పెద్దమనిషి, దాని చేతికి ప్రాసెసర్ ఇవ్వకుండా గడిపేసిన సమయమన్నమాట. ఇంట్లో సొమ్ము పట్టుకుపోతూ ఎంత పట్టుకుపోయారో గోడమీద రాసి వెళ్లే దొంగల్ని నేను ఇక్కడే చూశాను.

అది సరే. నా అసలు బాధ రెండు అన్న మాట గురించి.

అద్దె కాగితంలో 2 వీసీపీయూలు అని ఉంది. మెషీన్ లోపలికెళ్లి లెక్కపెట్టినా రెండే కనిపించాయి. ఒక్కోటీ గిగాహెర్ట్జుల్లో మీసం మెలేస్తోంది. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊరండీ ఇది. మాటకు జనం వాడుకలో ఉన్న అర్థమే అర్థం అని నమ్మే మట్టి. ఇక్కడ రెండు కొబ్బరికాయలంటే రెండు కొబ్బరికాయలే ఇస్తారు. మీ రెండుకు మాత్రం వ్యాఖ్యానం కావాలి. ముందుగా, మీరు ఒక పూర్తి కోర్ కారట. సాధారణంగా కోర్‌లో ఒక థ్రెడ్డట, అంటే ఒక కోర్‌ను పంచుకునే రెండు పనివరసల్లో ఒకటి. ఆర్ఏసీ టికెట్టు లాగ, ఒకే సీటు మీద ఇద్దరు. పోనీ, సర్దుకుంటాం, అలవాటే. ఆ పైన మా ప్లానులో మీలో ఒక్కొక్కరి నికర హక్కు పది శాతం. మిగతాది క్రెడిట్ల మీద, అంటే ఖాళీగా ఉన్నప్పుడు పోగుచేసుకున్న సమయం మీద. ఒక వీసీపీయూ ఒక నిమిషం నూరు శాతం పనిచేస్తే ఒక క్రెడిట్ ఖర్చు. మాకు గంటకు వచ్చేవి 12. ఇద్దరూ గట్టిగా పనిచేస్తే గంటకు పోయేవి 120. అంటే నికరంగా రెండు పదో వంతులు. కలిపితే ఒకదానిలో ఐదో వంతు. రెండు అని రాసి ఐదో వంతు ఇచ్చే లెక్క ఐదో తరగతి పిల్లాడు చేస్తే నేను గోడకుర్చీ వేయిస్తాను.

నా తప్పు లేదనను. శనివారం సాయంత్రం ఆరింటికి పాత మెషీన్ తీసేసి కొత్తది పెట్టాను, కొత్తదానికి ఖాతాలో క్రెడిట్లు సున్నా. తెల్లారేలోగా పోగైనవాటితో వీడియో పాఠాలు కుదించాను. పదింటికి మిగిలినవి 54. 120 ఖర్చులో 12 రాబడి పోను గంటకు 108 చొప్పున తరుగు. అరగంటకు సరిగ్గా సున్నా. లెక్క తప్పలేదు, ఒప్పుకుంటున్నాను. ఆ లెక్క నాకు సోమవారం తెలిసింది.

అన్‌లిమిటెడ్ అని ఒక మీట కూడా ఉంది. వేస్తే క్రెడిట్లు అయిపోయినా బండి ఆగదు, అదనానికి బిల్లు వస్తుంది. మొదట అది వేసే ఉంది, బిల్లుకి భయపడి నేనే ఆపేశాను. ఇప్పుడు లెక్క చూస్తే ఆ ఆదివారానికి మహా అయితే రెండు టీలు, ఒక ప్లేటు పకోడీ. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జయపురంలో ఉన్న మా బావమరిది నవ్వాడు. వాళ్ల ఆఫీసుది ప్రైవేటు క్లౌడు, అంటే ఒక సంస్థకే కేటాయించిన సర్వర్లు, అక్కడ కథ వేరు. రిజర్వేషన్ పూల్ తీసుకుంటే కొన్నదంతా మీదే, మెషీన్ల మధ్య మీరే పంచుకోండంటారు. అలొకేషన్ పూల్ అయితే అందులో ఇంత శాతానికే పూచీ. ఎంత వాడితే అంత అన్న మూడో పద్ధతిలో ఒక్కో వీసీపీయూకు ఒక వేగం రాసి, ఎన్ని వీసీపీయూలుంటే అన్నిరెట్లు ఆ మెషీన్‌కు గరిష్ఠ పరిమితి కడతారు. లోపల్నుంచి చూస్తే ఒక్కో వీసీపీయూ 2.6 గిగాహెర్ట్జులు, కట్టిన పరిమితి మాత్రం ఒక గిగాహెర్ట్జు. పక్కన ప్రాసెసర్లు ఖాళీగా గోళ్లు గిల్లుకుంటున్నా ఆ గీత దాటనివ్వరు. "నీకు కనీసం స్టీలు కనిపించింది బావా, మాకదీ లేదు" అన్నాడు.

నౌపడా నుంచి మా ఊరికి 1900లో చిన్న రైలు వేశారు. చాలా నెమ్మది బండి. కానీ చిన్న బండి అని చూస్తేనే తెలిసేది. ఎక్స్‌ప్రెస్ అని బోర్డు పెట్టుకుని రాలేదు.

ఇక గారూ వద్దు, మీరూ వద్దు. నీకు సిగ్గు లేదా? పదేళ్ల పిల్ల, 61 ప్రశ్నలు చేసింది, నువ్వు దాచినవి 38. మిగతావి ఏ చక్రంలో పడి తిరుగుతున్నాయి? వాళ్లమ్మ పాతపట్నం నుంచి ఆటోలో వచ్చి, కాగితం మీద రాసుకున్న జవాబులు నా బల్లమీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అయినా నిన్నేం అనను. నువ్వే ఇంకొకరి కొంపలో అద్దెకున్నావు. రాత్రంతా ఎవరూ పిలవకపోతే మూల కూర్చుని గంటకు పన్నెండు చొప్పున కూడబెడతావు, మా అమ్మ పోపులడబ్బాలో దాచినట్టు. అదీ ఒక రోజు సంపాదన, 288 దాటి దాచుకోనివ్వరట.

వచ్చే ఆదివారం మళ్లీ అదే పరీక్ష. మీట వేయను, పంతం. 288 ఉంటే నూట అరవై నిమిషాలు. పిల్లలకు కావలసింది నూట ఇరవై. శుక్రవారం రాత్రి నుంచి నిన్ను ముట్టుకోను, వీడియోలు అవీ ఏమీ లేవు. పడుకో.

ఇట్లు,
రెండింటి అద్దె కడుతున్నవాడు